పెళ్ళిపాటా, శాస్త్రీయమా?

నవాబుపేటలో మా మేనత్త పెళ్ళిపాట ఎత్తుకుంటే వంటింట్లో గరిటెలు ఆగిపోయేవి. ఆవిడకు సరిగమలు రావు. ఆమధ్య పట్నంలో ఓ కచేరీకి తీసుకెళ్ళాను. ఆనందభైరవి ఆలాపన మొదలవగానే నా చెయ్యి గిల్లి, "గిది మన పెండ్లిపాట వరుసనే గదనే!" అంది. ముందు కుర్చీలోని రసికుడొకాయన వెనక్కి తిరిగి, "అమ్మా, ఇది శాస్త్రీయ సంగీతం" అని మందలించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యా, ఆనందభైరవి జానపదుల నోట పుట్టిందని మీ సంగీత శాస్త్రజ్ఞులే రాశారు కదా! పున్నాగవరాళి, నవరోజు, కురంజి మాత్రం ఎక్కడివి? ఇవి తారషడ్జం దాకా పోవు. అందుకే వీటిని మధ్యమశ్రుతిలో పాడతారు. ఎందుకు పోవంటారా? నన్నడిగితే, ఉయ్యాల ఊపుతూ, వడ్లు దంచుతూ, నాట్లు వేస్తూ పాడే ఆడదానికి అంతకుమించి ఊపిరెక్కడ మిగులుతుందండీ?

అన్నమయ్య (1408-1503) సువ్విపాటలు, జాజరలు, ఏలలు రాశాడు. త్యాగరాజు (1767-1847) ఉత్సవసంప్రదాయ కీర్తనల్లో లాలి, ఊయల, హారతి అన్నీ మన ఇళ్ళల్లో ఉన్నవే. వాళ్ళకు లేని నామోషీ ఈ సభలవాళ్ళకెందుకో! పెద్ద రాగానికి గంటసేపు కేటాయించి, జనం చెప్పులు వెతుక్కునే వేళకు ఇలాంటివాటిని "తుక్కడాలు" అంటూ విదిలిస్తారు. ఆ పేరు వింటేనే నాకు మంట. ఆనందభైరవి ఎత్తుకునే ముందు, "ఇది మీ అమ్మలు పాడిన వరుసే" అని ఒక్క మాట చెబితే విద్వాంసుల సొమ్మేం పోతుంది?

బస్సులో అత్తను అడిగాను, ఎలా ఉందని.

"గొంతు మంచిదే గని, గంతసేపు పాడినా పెండ్లిపిల్ల పీటలెక్కనే లేదు" అంది.