ఆ ఆర్నెల్లు అమ్ముకోవద్దు

మా ఎదురింటి అమ్మాయి ఈ వారం వచ్చి అడిగింది. "తాతా, మా కాలేజీలో బీకాం రెండున్నరేళ్లకే ముగించొచ్చంట. ముగించేదా?" బెంగళూరులో చదువుతోంది. బ్యాంకు ఆఫీసరు కావాలని కోరిక. వాళ్ల నాయన రాయకోట మండీకి టమాటా వేస్తాడు. ఒక సెమిస్టరు ఫీజు, హాస్టలు ఖర్చు మిగులుతాయని ఇంట్లో సంబరం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2024 నవంబరులో యూజీసీ ఈ దారికి ఒప్పుకుంది. అప్పటి అధ్యక్షుడు మన తెలుగాయనే, మామిడాల జగదీశ్ కుమార్. నూటికి పదిమంది దాకా అయిదు సెమిస్టర్లలో డిగ్రీ తీసుకోవచ్చు. విలువ తగ్గదు, నిజమే. బరువూ తగ్గదు. 120 క్రెడిట్లలో మొదటి ఏడాది 40 పోతే, తక్కిన 80 మూడు సెమిస్టర్లలో మింగాలి.

ఇంత తొందర దేనికి? స్టేట్ బ్యాంకు పీఓ పరీక్షకు 21 ఏళ్లు నిండాలి. ఈ పిల్లకు డిగ్రీ వచ్చేసరికి ఇరవై. ఇరవై చాలనే బ్యాంకులున్నాయి గానీ, తను కోరుకున్నది ఇదే. సీఏకు పోయేవాళ్లకు డిగ్రీతో పనే లేదు, ప్లస్ టూ తర్వాత ఫౌండేషన్ రాసేయొచ్చు. పై కుర్చీ ఎక్కడానికి ఆర్నెల్లు ముందు పోవడం లెక్కలోకి రాదు: వై.వి.రెడ్డి 1964లో ఐఏఎస్‌లో చేరి, 2003లో రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. మధ్యలో ముప్పై తొమ్మిదేళ్లు.

అందుకే ఆరో సెమిస్టరు వదులుకోవద్దని, ఆ ఆర్నెల్లలో సెలవు దొరికినప్పుడల్లా నాయన వెంట మండీకి పొమ్మని చెప్పాను. విత్తనానికి మండీవాళ్లు అడ్వాన్సు ఇస్తారు. తీసుకున్న రైతు కాయ వాళ్లకే వేయాలి. వేలంలో ఏ ధర పలికినా కమీషను, కూలి, బాడుగ పోగా మిగిలిందే చేతికి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది. సెప్టెంబరుకల్లా రేటు కుప్పకూలింది. అప్పు మాత్రం అట్లాగే ఉంది. రేపు బ్యాంకులో అప్పులిచ్చే పిల్లకు అప్పంటే ఏమిటో ఆ క్రేట్ల మధ్య నిలబడితే తెలుస్తుంది.

ఇక్కడే నా కడుపు మండే ఇంకో సంగతి. మొన్న ఒక బ్యాంకులో మా ఊరి పెద్దాయన పంట రుణం గురించి తెలుగులో అడిగాడు, తమిళంలో అడిగాడు. కౌంటరు అబ్బాయి హిందీలో జవాబిచ్చాడు. చేతికి ఇంగ్లీషు ఫారం ఇచ్చాడు. మూడు రాష్ట్రాలు కలిసే మా మొరసునాడు రైతుకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. మూడు భాషలొచ్చిన మనిషి తన డబ్బు దాచుకున్న చోట మూగవాడయ్యాడు. ఆ ఫారం నేనే నింపాను. వేలిముద్ర వేస్తుంటే ఆయన చెయ్యి వణికింది.

ఆ కౌంటరు వెనక ఈ పిల్ల కూర్చోవాలి. ఆరో సెమిస్టరు ఫీజు ఎంతో కనుక్కుని రమ్మన్నాను. వాళ్ల నాయనకు నేనూ ఒక చెయ్యి వేస్తాను.