ఉపకార వేతనం: ఉపకారమా, వేతనమా?

మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబర్ 8న కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభలో ప్రకటించారు. ఇతర పథకాలు ఉన్నాయి కనుక ఇది అనవసరమన్నది ఆనాడు చూపిన కారణం. సచార్ కమిటీ నివేదిక తరువాత, 2009లో, మైనారిటీ యువత పరిశోధన వైపు రావడానికి ఏర్పడిన పథకమది. దానిని రద్దు చేసే ముందు పరిశోధక విద్యార్థులను సంప్రదించాలన్న చట్టబద్ధమైన బాధ్యత ప్రభుత్వానికి లేదు. వారి తరఫున వేతనం గురించి మాట్లాడే గుర్తింపు పొందిన సంఘమూ లేదు. అసలు సమస్య ఇదే.

మా శంకర్‌పల్లికి ఒకవైపు కందిలో ఐఐటీ, మరోవైపు గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అయినా చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లోని పేద ముస్లిం ఇంటి బిడ్డ పీహెచ్‌డీ దాకా చేరడం అంత సులభం కాదు. చేరినవారికి ఆ ఫెలోషిప్పే తిండి, అద్దె, ఒక్కోసారి ఇంటికి పంపే డబ్బు కూడా. దానికి బదులుగా వారు ప్రయోగశాలలో పనిచేస్తారు, పాఠాలు చెబుతారు, పరీక్షల విధులు నిర్వహిస్తారు. పేరుకు విద్యార్థులు, చేసేది కొలువు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు సంఘం విలువ తెలుసు. ప్రభుత్వోద్యోగికి సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2003లో తీర్పు చెప్పింది. అయినా వేతన సవరణ సంఘం ఏర్పడితే ఉద్యోగ సంఘాలు వినతిపత్రాలు ఇస్తాయి, చర్చలకు కూర్చుంటాయి. పరిశోధక విద్యార్థికి ఆ పాటి కుర్చీ కూడా లేదు. విశ్వవిద్యాలయం ‘పరిశ్రమ’ నిర్వచనంలోకి వస్తుందని 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసు తేల్చింది. కానీ అందులోని ఉపాధ్యాయుడు ‘శ్రామికుడు’ కాడని 1988లో సుందరంబాళ్ కేసు చెప్పింది. ఉపాధ్యాయునికే లేని స్థానం పరిశోధకునికి దొరకడం మరింత కష్టం.

కుర్చీ లేనివారికి మిగిలేది రోడ్డే. నెట్ లేని పరిశోధకుల ఫెలోషిప్‌ను ఆపాలని 2015 అక్టోబర్‌లో యూజీసీ నిర్ణయిస్తే, ఢిల్లీలో విద్యార్థులు దాని కార్యాలయం ముందు బైఠాయించి అడ్డుకున్నారు. ఫెలోషిప్ నిలిచింది. కానీ పీహెచ్‌డీకి ఇచ్చే 8,000 రూపాయలు ఆ తరువాత ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాయి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2019లో 25,000 నుంచి 31,000కు పెరగడానికీ దేశవ్యాప్త ఆందోళనలు కావలసి వచ్చాయి. ఆందోళన ఉన్నదాన్ని కాపాడగలదు, ఒక్కోసారి పెంచగలదు. ఏటేటా లెక్క అడగాలంటే మాత్రం ఒప్పందం కావాలి.

అమెరికాలోని విస్కాన్సిన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో టీచింగ్ అసిస్టెంట్లు 1970లోనే సమ్మె చేసి యాజమాన్యంతో ఒప్పందం రాయించుకున్నారు. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుమారు 48,000 మంది సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. మన తెలుగు పిల్లలు ఎందరో అక్కడ అలాంటి కొలువులే చేస్తున్నారు. అక్కడా అన్ని రాష్ట్రాలూ ఒకటి కావు: టెక్సాస్‌లో ప్రభుత్వ సంస్థలు చాలామట్టుకు ఇలాంటి ఒప్పందాలు చేసుకోకుండా చట్టమే అడ్డుపడుతుంది. హక్కు దానంతటదే రాదనడానికి ఇదే తార్కాణం.

గురుశిష్య సంబంధంలోకి బేరసారాలు తేవడం తగదని కొందరు పెద్దలంటారు. పరిశోధనాంశం, మూల్యాంకనం గురువు చేతిలోనే ఉండనివ్వండి. నెలకు ఎంత, ఏ తేదీన, ఎన్ని గంటల పనికి, జబ్బు చేస్తే సెలవు ఎలా అన్నవి గురువు తేల్చవలసినవి కావు. పైగా ఇవి ముందే తేలితే గురువు ముందు శిష్యుడు చేయి చాచవలసిన పనీ ఉండదు.

ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పరిశోధకులే ఎన్నుకున్న సంఘానికి గుర్తింపునివ్వాలి. ఫెలోషిప్ చెల్లింపునకు తేదీ నిర్ణయించాలి. ఏ పథకాన్నైనా మార్చే ముందు ఆ సంఘంతో చర్చించడం తప్పనిసరి చేయాలి. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. రద్దుకు ముందే ఎంపికైన పరిశోధకులు సైతం 2025లో నెలల తరబడి డబ్బు అందక అప్పుల పాలయ్యారు.

మన సంక్షేమ సంఘాలు స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెడుతున్నాయి, ఫీజులకు చందాలు పోగుచేస్తున్నాయి. మంచిదే. ఇకమీదట మన పరిశోధకులను తమ సంఘాల్లో చేరమనీ, ఇతర వర్గాల సహపరిశోధకులతో కలిసి నిలబడమనీ కూడా చెప్పాలి. మన బిడ్డ ఫెలోషిప్ ఆగిన నాడు, పక్క గదిలోని దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పరిశోధకుని సంతకం కూడా ఆ వినతిపత్రం మీద ఉండాలి.