కాటా ఎవరి చేతిలో ఉంది?

మొన్న వేసవిలో ముసునూరులో విద్యార్థులకు వ్యాసరచన పోటీ పెట్టి, నన్నొక న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. విషయం మామిడి రైతు. ఇంటి దగ్గర రాసి తెమ్మన్నారు. ఇరవై మూడు వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఇరవై, మామిడిని ఫలరాజమన్నాయి. రైతును దేశానికి వెన్నెముక అన్నాయి. ఆధునిక పద్ధతులు అవలంబిస్తే బంగారు భవిష్యత్తు ఉందన్నాయి. అక్షరదోషం ఒక్కటి లేదు. రైతు కూడా ఒక్కడు లేడు. పూత మీదే కాపు అమ్ముకోవడం, కాటా దగ్గర తరుగు, కమీషను, తామర పురుగుకు మందు కొట్టీ కొట్టీ అప్పులపాలు కావడం, ఇవన్నీ ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతులే. ఆ ఇరవైలో ఒక్కటీ కనిపించలేదు. కృత్రిమ మేధను అడిగి రాయించామని పిల్లలే నవ్వుతూ ఒప్పుకున్నారు.

ఒక అమ్మాయి మట్టుకు, తడబడే వాక్యాలతోనే, తన తండ్రి తెచ్చిన కాటా చీటీలోని అంకెలు ఎత్తిరాసి, తరుగు ఎంత పోయిందో లెక్క కట్టింది. మొదటి బహుమతి దానికే ఇద్దామన్నాను. తోటి న్యాయనిర్ణేత అభ్యుదయ భావాలున్న ఉపాధ్యాయుడే. "భాష బాగాలేదు మాస్టారూ" అన్నాడు. మా తగాదా అక్కడ మొదలయింది. ఆయన వాదాలు ఆయన ఒక్కడివే అయితే ఈ వ్యాసం రాయనక్కర లేదు. టీ కొట్టు దగ్గరా, స్టాఫు రూములోనూ రోజూ వినబడేవి గనక వాటి సంగతి చూడాలి.

మొదటి వాదం: "యంత్రం ఉత్త పనిముట్టు. అచ్చుయంత్రం వచ్చినప్పుడు రాయసగాళ్లూ ఇలాగే ఏడ్చి ఉంటారు." కాని అచ్చుయంత్రం రచయిత ఇచ్చిన మాటల్నే అచ్చు వేసింది. ఈ యంత్రం అందరి మాటలూ పోగుచేసుకుని, వాటితో తయారైన సరుకును తిరిగి మనకే అమ్ముతుంది. దొంగ ప్రతులు దించుకున్నందుకు రచయితలు వేసిన దావాలో, ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ 2025 సెప్టెంబరులో 150 కోట్ల డాలర్లకు రాజీ పడింది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. అయితే ఆ లెక్కలోకి వచ్చేవి అమెరికా కాపీరైటు ఆఫీసులో రిజిస్టరైన పుస్తకాలే. అప్పు చేసి విజయవాడలో ఐదువందల ప్రతులు అచ్చేసుకున్న తెలుగు కవి పుస్తకం ఆ కడుపులో ఉన్నా అతనికి పైసా రాదు. యంత్రం నోటి నుంచి బూతు రాకుండా చూడడానికి, ఆ రోత రాతలు చదివి ఏరిన కెన్యా కూలీలకు గంటకు రెండు డాలర్ల లోపే దక్కిందని 2023లో టైమ్ పత్రిక బయటపెట్టింది. యంత్రాన్ని పగలగొట్టమని నేననను. కాటాలో దోషం ఇనుములో ఉండదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

రెండో వాదం: "అమెరికాలో ఎవరు గద్దెనెక్కితే మనకేం?" నిజానికి మనవాళ్లకు అక్కడి రాజకీయం చుట్టరికం లెక్కనే తెలుసు. 2024 ఎన్నికల్లో ఉషా వాన్స్ పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో పూజలు చేశారు. ఆ ఇంటి అల్లుడే ఉపాధ్యక్షుడై 2025 ఫిబ్రవరిలో పారిస్ వెళ్లి, కృత్రిమ మేధ మీద అతిగా ఆంక్షలు పెడితే పరిశ్రమ చచ్చిపోతుందని ప్రపంచానికి బోధించాడు. అంతకుముందు జనవరి 20న ట్రంప్ ప్రమాణస్వీకారానికి ఆ యంత్రాల యజమానులు ముందు వరసలో కూర్చున్నారు. ఆ యంత్రాల భద్రత కోసం బైడెన్ 2023లో ఇచ్చిన ఉత్తర్వు ఆ రోజే రద్దయింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము పడింది. అక్టోబరులో విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. మన కుర్రవాడికి అక్కడ తలుపు మూస్తారు. వాళ్ల యంత్రానికి మన నేలా నీరూ కరెంటూ కావాలి. ఇది మనకు సంబంధించని రాజకీయమా?

మూడో వాదం: "ఎదిరించి లాభం లేదు, రానున్నది రాక మానదు." ఇది వేదాంతం, పైగా అబద్ధం. హాలీవుడ్ రచయితల సంఘం 2023లో 148 రోజులు సమ్మె చేసి, యంత్రంతోనే రాయాలని కంపెనీ బలవంతపెట్టకూడదన్న షరతు గెలుచుకుంది. రచయితలే కాదు, ఆటగాళ్లూ తలవంచలేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని 1974లో అమెరికాలో పుట్టిన ఆట ఒకటుంది. మన భువనవిజయంలో పండితులు అష్టదిగ్గజాల వేషాలు కట్టినట్టే, బల్ల చుట్టూ కూర్చుని తలొక వేషం కట్టి, పాచికలు వేస్తూ కథ అల్లుకుంటారు. 2023 ఆగస్టులో ఆ ఆట పుస్తకంలో యంత్రం చెయ్యిపడిన బొమ్మల్ని ఆడేవాళ్లే పట్టుకుని అల్లరి చేశారు. చిత్రకారులు యంత్రాన్ని వాడరాదని కంపెనీ నియమం పెట్టవలసి వచ్చింది. ఆటగాళ్లకున్న పట్టుదల అభ్యుదయ రచయితలకు లేకపోతే ఎలా?

ఇంతా చెప్పి, మన తప్పు దాచుకోవడం న్యాయం కాదు. ఆ ఇరవై వ్యాసాల భాషను యంత్రం కనిపెట్టలేదు. ఏళ్ల తరబడి గైడ్లలో అచ్చేసి, దానికే మార్కులు వేసి, పిల్లలకు అలవాటు చేసింది మనమే. తొలిసంధ్య, పిడికిలి, ఎర్రజెండా వరసగా పేర్చి అభ్యుదయ కవిత్వమన్నదీ మనమే. అలాంటి గేయం యంత్రం క్షణంలో రాసిపెడుతుంది. దానికి యంత్రాన్ని తిట్టి లాభమేమిటి? అరసం 1943లో తెనాలిలో పుట్టినప్పుడు రచయితను ప్రజల మధ్యకు వెళ్లమన్నారంటే, ఎత్తిరాయడానికి అక్కడొక కాటా చీటీ ఉందనే.

అంచేత నా ప్రతిపాదనలు మూడు. తెలుగు పుస్తకాన్ని యంత్రానికి మేపాలంటే రచయిత అనుమతీ, ప్రతిఫలమూ ఉండాలని మన సంఘాలు అడగాలి. యంత్రం చేత రాయించినది యంత్రం రాసిందని పత్రికలు అచ్చులో చెప్పాలి. ఉపాధ్యాయులు నున్నటి వాక్యానికి కాక, చూసి రాసిన వాక్యానికి మార్కు వేయాలి.

ఆ రోజు బహుమతి చివరికి ఇద్దరికి పంచారు. రాజీకి నేనూ తలూపాను. ఊపవలసింది కాదు.