పిల్లల్ని పాక దగ్గరకి రానివ్వండి



పోయిన వీడియోలో మా అమ్మాయి చీకటి గదిలో సెల్ ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తోంది కదా, అది చూసి చాలామంది ఫోన్ చేశారు. కొందరు గుడ్ల గురించే అడిగారు. మిగతావాళ్లు అడిగింది వేరే. "పసిపిల్లల్ని కోళ్ల మధ్య అలా వదిలేస్తారేంటండీ, జబ్బులు రావా?" అని. ఒక పెద్దాయన అయితే గట్టిగానే అడిగారు, "చదువుకునే పిల్లకి ఈ పేడ పని ఎందుకు బాబూ?" అని. ఆయన కూడా ప్రకృతి వ్యవసాయం చేసే రైతే. అందుకని ఈసారి కషాయాలు, ఎరువుల సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ముందు పెద్దాయన మాట. ఆయన బాధ నాకు తెలుసు. నేను చిన్నప్పుడు పాక వైపు వెళితే మా నాన్న "పుస్తకం తియ్" అని కసిరేవారు. తను పడ్డ కష్టం నేను పడకూడదని. ప్రేమతోనే అన్నారు. కానీ ఏమైందంటే, నేను అగ్రికల్చర్ డిప్లొమాలో చేరేదాకా ఆవుకి పై దవడలో ముందు పళ్లు ఉండవని నాకు తెలీదు. రైతు ఇంట్లో పుట్టి, పెరట్లో రెండు గేదెలు ఉండి, ఆ సంగతి క్లాసులో సారు చెబితే విన్నాను. ఆ రోజు పడిన సిగ్గు ఇంకా గుర్తుంది. తర్వాత కొన్నేళ్లు పురుగుమందులు అమ్మే ఉద్యోగం చేసి, మానేసి ఊరొచ్చాను. ఇప్పుడు నూజివీడు వైపు నాలుగెకరాల మామిడి తోట, రెండు ఒంగోలు ఆవులు, తోటలో నూట ఇరవై దాకా నాటుకోళ్లు. గుడ్లు, కోళ్లు విజయవాడలో ఇళ్లకి నేనే తీసుకెళ్లి ఇస్తాను.

మనం దేశీ ఆవు లేనిదే ప్రకృతి వ్యవసాయం లేదంటాం. 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, పప్పుల పిండి, బెల్లం అని నిద్రలో లేపినా చెబుతాం. మన పిల్లలు మాత్రం ఆ ఆవు పక్కకి వెళ్లాలంటే ముక్కు మూసుకుంటారు. మా బంధువుల్లోనే ఉన్నారు, తోట నిండా ఆవులే, పిల్లాడు హాస్టల్ నుంచి సెలవులకి వస్తే ఏసీ గదిలోంచి కదలడు. పిల్లలు రైతులే అవ్వాలని నేననను. మా అమ్మాయి డాక్టరవుతానంటోంది, అవనీ. అయినా పాకలో ఆ పిల్ల నేర్చుకున్నది ఏ ట్యూషన్‌లోనూ దొరకదని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణ చెబుతా. తనకి ఎనిమిదేళ్లు. ఒక గుడ్ల పుస్తకం పెట్టుకుంది. కిందటి వేసవికి ముందు ఒక పెట్టని 13 గుడ్లతో పొదగేశాం. ఏడో రోజు రాత్రి టార్చి పెట్టి చూస్తే లోపల సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనపడితే జీవం ఉన్నట్టు, ఖాళీగా వెలుగు పడితే మురిగేది. రెండు తీసేశాం. ఇరవై ఒకటో రోజుకి పది పిల్లలు దిగాయి, ఒకటి పెంకులోనే పోయింది. దాన్ని ఎందుకు సాయం చేసి బయటికి తియ్యలేదని నాతో పోట్లాడింది. నాలుగో రోజు గద్ద ఒకదాన్ని ఎత్తుకుపోయింది. గంప కింద మూయమని చెప్పి బడికెళ్లింది, నేనే మర్చిపోయాను. సాయంత్రం వచ్చి పుస్తకంలో "9, నాన్న మర్చిపోయాడు" అని రాసింది. ఆ లైను ఇంకా ఉంది. తీసివేతలు ఎవరూ నేర్పక్కర్లేకుండా వచ్చేశాయి, అది వేరే విషయం. ఒక ప్రాణం మనం చెప్పిన టైముకి ఆగదు అనేది ఎనిమిదేళ్లకి తెలిసింది. నాకు ముప్పై దాటాక తెలిసింది.

ఇక జబ్బుల సంగతి. ఇది కొట్టిపారేసే విషయం కాదండీ. దేశీ ఆవు ఇంట్లో ఉంటే పిల్లలకి ఆస్తమా రాదు, ఏ రోగమూ రాదు అని చెప్పే వీడియోలు నేనూ చూశాను. దీని మీద ఒక మంచి అధ్యయనం ఉన్న మాట నిజమే. అమెరికాలో అమిష్, హట్టరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలు ఉన్నాయి. అమిష్ వాళ్లు ఇంటి పక్కనే పాక పెట్టుకుని గుర్రాలతో, ఆవులతో పాత పద్ధతిలో చేస్తారు. హట్టరైట్ వాళ్లవి ఇంటికి దూరంగా పెద్ద యంత్రాల ఫారాలు. 2016లో వచ్చిన ఆ పరిశోధనలో అమిష్ పిల్లల్లో ఆస్తమా సుమారు 5 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం అని ఉంది. రెండు వైపులా 30 మంది చొప్పున పిల్లల్ని పరీక్షించారు. పాక దుమ్ములో ఉండే సూక్ష్మజీవుల వల్ల పసితనంలోనే ఒంటికి తర్ఫీదు దొరుకుతుందని వాళ్ల ఆలోచన. నాకు నచ్చింది. కానీ 60 మంది పిల్లల లెక్క పట్టుకుని, ఏ రోగమూ రాదని నేను మీకు హామీ ఇవ్వలేను.

ఎందుకంటే మా బాబు సంగతి నేను చూశాను. వాడికప్పుడు మూడేళ్లు. డిసెంబరు చలికి కోడిపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి, బల్బు కట్టి హాల్లోనే ఉంచాను. వాడు రోజంతా వాటిని పట్టుకోవడం, ముద్దులు పెట్టడం, అదే చేత్తో బిస్కెట్ తినడం. చూడ్డానికి ముచ్చటగా ఉందని వీడియో కూడా తీశాను. తర్వాతి వారం వాంతులు, విరేచనాలు, జ్వరం. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఇంట్లో కోళ్లు ఉన్నాయా?" అని. అదే కారణం అని పరీక్షలో తేలలేదు, నా అనుమానం మాత్రం అదే. పైకి ఆరోగ్యంగా కనపడే కోడిపిల్లలోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు. అమెరికా ఆరోగ్య శాఖ వాళ్లు అయిదేళ్లలోపు పిల్లల చేత కోడిపిల్లల్ని పట్టించొద్దనే చెబుతారు. ఆ వీడియో తీసేశాను. మా ఆవిడ పెట్టెని ఆ రోజే హాల్లోంచి బయటికి తోసేసింది, ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అప్పటినుంచి మా ఇంట్లో కోళ్లు గుమ్మం దాటవు. పాకలోంచి వచ్చాక సబ్బుతో చేతులు కడిగితేనే కంచం. కుళాయి పాక దగ్గరే పెట్టించాను. వంటింట్లో ఉంటే ఎవరూ కడగరు, పెద్దవాళ్లం మనమే కడగం. పాకకి వేరే చెప్పులు. చిన్నోడు చూస్తాడు, నూకలు విసురుతాడు, ఎత్తుకోడు. పాలు కాచకుండా ఎవరికీ పొయ్యం, పొదుగు దగ్గర నుంచి పచ్చిపాలు నోట్లోకి పితికించుకోవడం మా తరం సరదా, బ్రూసెల్లా గురించి చదివాక మానేశాం. ఆవు ఈసుకుపోతే పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి కూడా రానివ్వను. కొక్కెర తెగులుకి లసోటా చుక్కలు వేసేటప్పుడు కూడా అంతే. అది బతికున్న వైరస్ మందు, మన కంట్లో పడితే కన్ను ఎర్రబడుతుంది.

కోళ్లు ఒకటికి నాలుగు చచ్చిపోతుంటే పిల్లల్ని పూర్తిగా దూరం పెట్టి, పశువుల డాక్టరుకి చెప్పండి. దాచొద్దు. 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం. అదే ఏడాది పల్నాడు వైపు ఒక పసిపాప ఆ వైరస్‌తోనే చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. కుక్క కరిచినా, పళ్లు గీరుకున్నా పసుపు, కారం అద్దకుండా పావుగంట సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి.

జబ్బుల గురించి అందరూ అడుగుతారు, జీవామృతం డ్రమ్ము గురించి ఎవరూ అడగరు. తొంగిచూసే మూడేళ్ల పిల్లాడికి ఆ డ్రమ్ము బావితో సమానం. మూత పెట్టి తాడు కట్టండి. నా వీడియోల్లో మూత లేకుండా చూపించాను, అది నా తప్పే.

ఇంకో తప్పు కూడా చెప్పాలి, ఇది జబ్బుల కంటే చెప్పడం కష్టం. మా అమ్మాయి చేతి మీద పెరిగిన డేగ పుంజు ఒకటి ఉండేది. బడి నుంచి రాగానే గేటు దాకా ఎదురొచ్చేది. సంక్రాంతికి ముందు ఇద్దరు బండి మీద వచ్చి చూసి ఆరు వేలు ఇస్తామన్నారు. ఎందుకు కొంటున్నారో నాకు తెలుసు, తెలీనట్టు డబ్బు తీసుకున్నాను. ఆ వారం ఆవుకి దాణా కొనాలి. అమ్మాయి వచ్చాక "తప్పిపోయిందమ్మా" అన్నాను. చీకటి పడేదాకా తోటంతా టార్చి వేసుకుని వెతికింది. మా అమ్మ చూడలేక నిజం చెప్పేసింది. పిల్ల ఏడవలేదు. ఆ రోజు నుంచి రెండు నెలలు గుడ్ల పుస్తకం ముట్టుకోలేదు.

మేం కోళ్లు అమ్మి బతుకుతాం, కోసుకుని తింటాం కూడా. అది పిల్లలకి తెలియాలి. తెలిస్తే తట్టుకుంటారు. తట్టుకోలేనిది అబద్ధం. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఏంటంటే, పిల్లలు దిగిన నెలకి అమ్మాయి రెండింటిని ఎంచుకుని కాలికి ఎర్ర దారం కడుతుంది. వాటిని అమ్మం, కొయ్యం, ముసలివై పోయేదాకా ఉంటాయి. మిగతావి అమ్మకానివని ముందే చెబుతాను, వాటికి పేర్లు పెట్టదు. వ్యాపారం లెక్కలో ఇది నష్టమే, ఏడాదికి అయిదారు కోళ్లు మేత తింటూ ఊరికే ఉంటాయి. పందేనికి పుంజు అడిగితే లేదంటున్నాను.

పని ఎంత చేయించాలి అన్న పెద్దాయన ప్రశ్నకి నా లెక్క ఇది. బడి ముందు అరగంట, వచ్చాక అరగంట. గుడ్లు ఏరడం, దూడకి గడ్డి వెయ్యడం, కుడితి తొట్టిలో నీళ్లు చూడటం. పరీక్షలప్పుడు అదీ లేదు. కొడవలి, చాఫ్ కట్టర్ జోలికి రానివ్వను. కూలీ మిగులుతుందని పిల్లల్ని పనిలో పెడితే అది పెంపకం కాదు, పెద్దాయన తిట్టినా నేను పడతాను.

మొన్న ఆదివారం ఇంకో పెట్ట పొదుగుడు మీద కూర్చుంది. మా అమ్మ బేసి లెక్కే పెట్టాలంటుంది, పదకొండు పెట్టాం. అమ్మాయి పుస్తకం తీసి తేదీ రాసుకుంది. కింద ఇంకో గీత గీసి, గంప మూసే బాధ్యత ఎవరిదో పేరు కూడా రాసింది. నా పేరు కాదు, మా అమ్మ పేరు.