బస్సుకు దారి

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలను కలిపే దారులలో ముషీరాబాదు, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా కోఠీకి సాగే రహదారి మిక్కిలి రద్దీ గలది. అంబర్‌పేట వైపు నుండి బర్కత్‌పుర మీదుగా వచ్చి హిమాయత్‌నగర్, లిబర్టీల వైపు పోయే బస్సులు నారాయణగూడ వద్ద దీనిని దాటుతాయి. ఈ కొద్దిపాటి మేరలోనే కళాశాలలు, ఆసుపత్రులు, సినిమా థియేటర్లు, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. అశోక్‌నగర్ వీధులలో పోటీపరీక్షలకు చదువుకునే యువతీయువకులు వేలసంఖ్యలో అద్దెగదులలో నివసిస్తున్నారు. వీరిలో చాలామందికి సొంత వాహనం లేదు. బస్సే వీరి వాహనం.

సాయంత్రం ఆరుగంటల వేళ ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వద్ద నిలబడి చూసేవారికి రహదారిపై ఏర్పడే చిక్కుకు బస్సులే కారణమనిపించడం సహజం. స్టాపులో ఆగవలసిన బస్సు రోడ్డు నడుమ ఆగుతుంది. దాని వెనుక మరి రెండు బస్సులు వచ్చి చేరుతాయి. ప్రయాణికులు ఆటోల మధ్య నుండి, మోటారు సైకిళ్ల మధ్య నుండి పరుగులు తీస్తూ వచ్చి ఎక్కుతారు. పాతబడిన బస్సు కదిలేటప్పుడు వెలువడే నల్లని పొగ వెనుకనున్నవారి ముఖాన కొడుతుంది. ‘ఈ బస్సులను ఇటు రాకుండా చేస్తే పీడ విరగడవుతుంది’ అనే మాట కార్లలోనే గాక దుకాణాల మెట్లమీద కూడా వినిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. దానినుండి తీసిన తీర్పు మాత్రం తప్పు.

చిన్న లెక్క ఒకటి వేసి చూద్దాం. నగరంలో తిరిగే పెద్ద బస్సు పొడవు సుమారు 12 మీటర్లు. ముందు వెనుకల ఎడంతో కలిపి అది 14 మీటర్ల రోడ్డును ఆక్రమిస్తుందనుకుందాం. అందులో తక్కువ చెప్పినా 50 మంది ప్రయాణిస్తారు. ఆ 50 మందీ కారుకు ఇద్దరు చొప్పున బయలుదేరితే 25 కార్లు కావాలి. ఒక్కొక్క కారు ఎడంతో కలిపి 6 మీటర్లు తీసుకుంటుంది. అంటే 150 మీటర్ల వరుస! కారుకు ఇద్దరన్నది కూడా ఉదారమైన అంచనాయే. మన కళ్లకు బస్సు పెద్దదిగా కనిపిస్తుంది గనుక నేరం దానిమీద పడుతుంది. చిన్నవిగా కనిపించే వాహనాలన్నీ కలిసి ఎంత దారిని మింగుతున్నాయో ఎవరూ లెక్కించరు. వాహనాలను గాక మనుషులను కదిలించడం లక్ష్యంగా ఉండాలని 2006లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. మన కూడళ్లలో మాత్రం నేటికీ లెక్క వాహనాలదే.

బస్సులను తగ్గిస్తే ఏమవుతుందో హైదరాబాదు ఇదివరకే చవిచూసింది. 2019 చివరలో జరిగిన సుదీర్ఘమైన సమ్మె తరువాత నష్టాల పేరిట నగరంలో వందలాది బస్సులను తగ్గించారు. రోడ్లు ఖాళీ కాలేదు. 2020 మార్చి నుండి సెప్టెంబరు వరకు కరోనా కారణంగా సిటీబస్సులు అసలే నడవలేదు. లాక్‌డౌన్ సడలిన కొద్దీ సొంత వాహనాలు రోడ్లమీదికి తిరిగివచ్చాయి. ఇళ్లలో పనిచేసే స్త్రీలు, ఆసుపత్రుల ఆయాలు, దుకాణాల గుమాస్తాలు మాత్రం రోజు కూలిలో కొంత ఆటోలకు చెల్లించారు, లేదా నడిచారు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించినప్పుడు బస్సులు ఎంతగా కిక్కిరిశాయో అందరూ చూశారు. ప్రయాణించవలసిన అవసరం ఉండి, ప్రయాణించలేక ఆగిపోయినవారు ఇంతకాలం ఎందరున్నారో ఆ రద్దీ తెలిపింది. అటువంటి చోట బస్సులను తొలగించమనడం ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగులబెట్టుకోవడం వంటిది.

అయితే బస్సు రోడ్డు నడుమ ఎందుకు ఆగుతుంది? డ్రైవరు నిర్లక్ష్యం కొంత ఉండవచ్చు. కాని స్టాపు వద్ద రోడ్డు అంచును ఒకసారి గమనిస్తే అసలు కారణం బోధపడుతుంది. అక్కడ ప్రయాణికులకోసం కాచుకున్న ఆటోలు ఉంటాయి. వాటి ముందు యజమాని లోపల కాఫీ తాగుతుండగా నిలిపి ఉంచిన కారు ఉంటుంది. తోపుడుబండి ఉంటుంది. బస్సుకు అంచు దొరకదు. హిమాయత్‌నగర్ ప్రధాన వీధిలోనైతే బట్టల దుకాణాలు, హోటళ్లు, బ్యాంకుల ఎదుట నిలిపిన వాహనాలు రోడ్డులో ఒక వరుసను పగలంతా ఆక్రమించుకొనే ఉంటాయి. బస్సు ఒకచోట ఆగేది అర నిమిషం. ఆ కారు ఆగేది రెండు గంటలు. కదిలే బస్సు అడ్డంకి అనిపించుకుంటున్నది, కదలని కారు అనిపించుకోవడం లేదు. ఇదొక వింత. చిక్కడపల్లి రోడ్డు మధ్యన మెట్రో స్తంభాలు వెలసినందువల్ల వెడల్పు మరికొంత తగ్గింది. కనుక అంచున ఉన్న ప్రతి అడుగుకూ విలువ పెరిగింది.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నెలకొల్పిన రోడ్డు రవాణా శాఖకు వారసత్వంగా వచ్చిన సంస్థ ఆర్.టి.సి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయమైన బస్ భవన్ సమీపంలో ఉన్నందువల్లనే ఆ కూడలికి ఆ పేరు వచ్చింది. పేరు బస్సుదే, బస్సు నిలవడానికి మాత్రం చోటు లేదు. ఆ కూడలి రద్దీని తప్పించడానికే ఇందిరాపార్కు నుండి వి.ఎస్.టి. వరకు ఉక్కువంతెన నిర్మించి 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. వంతెన ఎక్కి పోయేవారికి ప్రయాణం సుఖమే. కాని వంతెనమీద బస్టాపు ఉండదు. అశోక్‌నగర్ విద్యార్థి ఎదురుచూసేది వంతెన కిందనే.

ఇక పొగ సంగతి. పూర్తిగా నిండిన బస్సు బరువు సుమారు 16 టన్నులు. ఆగిన స్థితి నుండి అంత బరువును కదిలించే క్షణంలో ఇంజను ఎక్కువ ఇంధనాన్ని తాగి ఎక్కువ పొగను వదులుతుంది. ఒకే వేగంతో సాగిపోయే బస్సు అంత పొగ వదలదు. నారాయణగూడ నుండి ముషీరాబాదు చేరేలోపల ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు కదిలితే కాలుష్యం అంతగా పెరుగుతుంది. కాబట్టి రద్దీ, కాలుష్యం రెండు వేర్వేరు రోగాలు కావు. మొదటిదానికి మందు వేస్తే రెండవది సగం నయమవుతుంది. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఆ పొగలోని సూక్ష్మకణాలు తలవెంట్రుక మందంలో ఇరవయ్యవ వంతుకూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. కారు అద్దాలు ఎత్తుకున్నవారికన్నా కూడలిలో ఎనిమిది గంటలు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకు, కాలిబాటమీద పండ్లమ్మే స్త్రీకి, ఫుట్‌బోర్డుమీద వేలాడే విద్యార్థికి ఈ విషం ఎక్కువగా అందుతుంది.

మిగిలిన సగానికి మందు ఇంధనంలోనూ, ఇంజనులోనూ ఉంది. ఢిల్లీ అనుభవం ఇందుకు నిదర్శనం. నగరబస్సులన్నీ సి.ఎన్.జి.కి మారాలని సుప్రీంకోర్టు 1998 జూలైలో ఆదేశించింది. సంస్థలు గడువులు కోరాయి, ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు, అయినా 2002 చివరికి డీజిలు సిటీబస్సులు అక్కడ కనుమరుగయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజి-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఇదివరకు డీజిలులో పదిలక్షల భాగాలకు 50 భాగాల వరకు గంధకం ఉండనిచ్చేవారు. ఇప్పుడు 10 భాగాలకు మించరాదు. పాత బస్సులు రోడ్డుమీద ఉన్నంతకాలం ఈ మేలు పూర్తిగా దక్కదు. 2025లో కేంద్రప్రభుత్వం పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం కింద హైదరాబాదుకు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది. ఈ బస్సులను మొదట ఏ దారులకు ఇవ్వాలన్నది ముఖ్యమైన ప్రశ్న. విశాలమైన శివారు రోడ్లమీద కొత్త బస్సు ఫొటోలో అందంగా కనిపించవచ్చు. కాని మాటిమాటికీ ఆగి కదిలే దారిలోనే దాని ప్రయోజనం ఎక్కువ. ఆగినప్పుడు అది పొగ వదలదు. బ్రేకు వేసినప్పుడు వ్యర్థమయ్యే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది. అందువల్ల చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ వంటి ఇరుకు దారులకే తొలి వాటా దక్కాలి. బొగ్గుతో తయారైన కరెంటుతో నడిపితే పొగ ఇక్కడినుండి రామగుండానికి మారుతుందే తప్ప పోదు కదా అనే విమర్శ ఉంది. అందులో నిజం ఉంది. అయినా పొగగొట్టం జనం ముక్కు ఎదుట లేకపోవడం చిన్న మేలు కాదు.

బస్సుకు ప్రత్యేకమైన దారి ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. కొలంబియా రాజధాని బొగొటాలో 2000 నుండి, అహమ్మదాబాదులో 2009 నుండి అటువంటి ఏర్పాటు ఉంది. ఢిల్లీలో 2008లో ప్రారంభించినది కార్ల యజమానుల ఆగ్రహానికి గురై 2016లో తొలగింపు పాలైంది. అహమ్మదాబాదులో వలె రోడ్డు నడుమ బస్సులకు దారి కట్టడం చిక్కడపల్లిలో సాధ్యం కాదు, ఆ చోటు మెట్రో స్తంభాలది. మిగిలింది ఎడమ అంచు. రద్దీవేళలలో ఆ అంచున ఎవరూ వాహనాలు నిలపకుండా చేసి బస్సులకు వదిలితే చాలు. కొత్త కట్టడం అక్కరలేదు, కాస్త రంగు, కాస్త కాపలా చాలు.

మెట్రో ఉండగా బస్సెందుకని కొందరంటారు. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ల మధ్య ప్రారంభమైన మెట్రో మార్గంలో ముషీరాబాదు, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు ఉన్నాయి. దూరప్రయాణికులను అది తీసుకుపోవాలి. స్టేషనునుండి హిమాయత్‌నగర్ వీధులకు, బర్కత్‌పురకు, దోమలగూడకు చేర్చే చిన్నబస్సులు కావాలి. ఒకే టిక్కెట్టుతో రెండింటిలోనూ ప్రయాణించగలిగితే ఎక్కువమంది మెట్రో మెట్లు ఎక్కుతారు.

దుకాణదారులు అభ్యంతరం చెబుతారు. కారు నిలిపే చోటు పోతే బేరం పోతుందని వారి భయం. ఆ భయాన్ని తేలికగా తోసివేయరాదు, జీవనోపాధి వారిదీ. కాని కారులో వచ్చే కొనుగోలుదారులెందరో, బస్సు దిగి వచ్చేవారెందరో వారు కూడా ఎన్నడూ లెక్కించలేదు. నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు, ఆర్.టి.సి. కలిసి ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ నుండి నారాయణగూడ వరకు, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, మూడు నెలలపాటు ఈ పద్ధతిని అమలుచేసి చూడాలి. కూడలికి ఆనుకొని ఉన్న స్టాపులను కూడలి దాటిన తరువాతకు జరపాలి. బస్సు ఒక చివరినుండి రెండవ చివరకు చేరే సమయం, గంటకు ఆ దారిన సాగిపోయిన మనుషుల సంఖ్య, దుకాణాల బేరం, గాలిలోని ధూళికణాలు — ఈ నాలుగింటిని ముందూ తరువాతా కొలిచి, ఆ అంకెలను బస్టాపులలోనే ప్రజలు చదువుకొనేటట్లు అంటించాలి.