కుండ లోపలి పూత

జార్జియా దేశంలో ఎర్రద్రాక్ష రసాన్ని తొక్కలతో, గింజలతో సహా మెడదాకా నేలలో పాతిపెట్టిన పెద్ద మట్టికాగుల్లో పోసి, నెలల తరబడి మాగబెడతారు. ఆ కాగు పేరు క్వెవ్రి. 2013లో యునెస్కో ఆ విద్యను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. అక్కడి తవ్వకాలలో దొరికిన పెంకులలో సుమారు 8000 ఏళ్ళనాటి ద్రాక్షసారా ఆనవాళ్ళున్నాయని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గొప్ప సంగతే. మెచ్చుకోవలసిందే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. అదే విద్య ఎరిగిన మన కుండను మాత్రం మనం మోటువస్తువుగా చూస్తున్నాం.

మా ఐ.పోలవరం మండలంలో ఎదుర్లంక దగ్గర గౌతమి మీది బాలయోగి వారధి దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివారు ఏలిన ఊరు. వైను అనగానే ఇటువైపు వారికి ఆ ఒడ్డే స్ఫురిస్తుంది. సీసా, బిరడా, కొయ్యపీపా కళ్ళముందు మెదులుతాయి. ద్రాక్షారామమూ అటువైపే ఉంది గానీ, ఆ పేరు దక్షుని వల్ల వచ్చిందని స్థలపురాణం చెబుతుంది కనుక ద్రాక్షలను అక్కడ వెతకనక్కరలేదు! మన ద్రాక్ష ఉన్నది వైద్యుల ఇళ్ళలో. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు చేర్చి, నెయ్యి పట్టించిన కుండలో పోసి, మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి, నెలరోజులు కదపకుండా ఉంచితే అయ్యేదే ద్రాక్షారిష్టం. అరిష్టాలలో సాధారణంగా 5 నుంచి 12 శాతం దాకా మద్యసారం దానంతటదే పుడుతుంది. మందు అని పేరే గాని, పుట్టుకలో అది వైనుకు దగ్గరి చుట్టమే.

ఇక్కడ గమనించవలసింది పూత. కాల్చిన మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా గాలి మితంగా లోపలికి వస్తే ఎర్రవైనులోని వగరు మెత్తబడుతుంది. మితిమీరితే పులిసి పాడవుతుంది. అందుకే జార్జియా వాళ్ళు కాగు లోపల తేనెమైనం పూస్తారు. మన వైద్యులు నెయ్యి పూశారు. ఇక కోనసీమలో తాటిచెట్టుకు కట్టే కుండ సంగతి చూడండి. లోపల సున్నం పూస్తే నీరా పులియదు, కాచి బెల్లం వండుకోవచ్చు. పూయకపోతే, నిన్నటి పులుపు కుండ రంధ్రాలలో మిగిలే ఉంటుంది కనుక సాయంత్రానికల్లా కల్లే. మైనం, నెయ్యి, సున్నం... కుండ ఒక్కటే, పూతను బట్టి ఫలం. ఇది మోటుతనమా, శాస్త్రమా?

మరి మనమూ కాగులు పాతిపెట్టవచ్చునా అంటే, లంకభూములలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. క్వెవ్రికి కావలసిన చల్లని పొడినేల మనకు లేదు. పాతవైద్యులు అరిష్టపు కుండను ధాన్యరాశిలో కప్పిపెట్టమన్నారు. నేల చేసే పనిని ఊకపొర చేస్తుందన్నమాట, వేడి ఒక్కతీరుగా నిలుస్తుంది. డెల్టాకు ఇంతకంటె తగిన ఉపాయం నాకు తోచడం లేదు.

ప్లాస్టిక్ డబ్బా పగలదు, తేలిక, కడగడం సులువు. గీతకార్మికుడు చెట్టెక్కేటప్పుడు అదీ బరువైన విషయమే. కాదనను. కానీ సున్నం పూయడం, నెయ్యి పట్టించడం, కుండ వయసు చూసి వాడుకోవడం, ఇవన్నీ కుండతోపాటే పోతాయి. కుండ అడిగేవాడు లేకపోతే కుమ్మరి కొడుకు చక్రం దగ్గర ఎందుకు కూర్చుంటాడు?

మద్యానికి వత్తాసు పలుకుతున్నానని కొందరనవచ్చు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద ఎందుకు తిరగబడ్డారో తెలిసినవాణ్ణే. నేను అడిగేది దుకాణం కాదు. అంబాజీపేటలో కొబ్బరి మీద, పందిరిమామిడిలో తాటి మీద పరిశోధించే ఉద్యాన కేంద్రాలున్నాయి. చెట్టునూ రసాన్నీ పరీక్షించేవారు ఆ రసాన్ని పట్టే కుండనూ పరీక్షించాలి. ఏ మట్టి, ఎంత కాలుపు, ఏ పూత అన్నది కుమ్మరినీ గీతకార్మికుణ్ణీ వైద్యుణ్ణీ అడిగి రాసిపెట్టాలి. జార్జియా వాళ్ళు వారసత్వమని చూపించినది కేవలం కాగును కాదు, దాన్ని చేసే చేతుల్ని. మన చేతులింకా కొన్ని మిగిలే ఉన్నాయి. అవి ఉండగానే అడగడం మంచిది కదా!