గొర్రెల మందలకు నీలి నాలుక ముప్పు - వానలకు ముందే టీకా

2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.42 కోట్ల గొర్రెలలో 1.91 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. అంటే దాదాపు సగం సంపద ఉభయ తెలుగు రాష్ట్రాలదే. వర్షాకాలంలో ఈ సంపదకు పొంచి ఉండే ప్రధాన ముప్పు నీలి నాలుక వ్యాధి.

ఈ వైరస్‌ను క్యూలికాయిడ్స్ అనే అతి చిన్న కుట్టు ఈగలు వ్యాపింపజేస్తాయి. పేడ కలిసిన బురదనేలలు వీటికి నిలయాలు. జ్వరం, మూతివాపు, నోటిపుండ్లు, కుంటు దీని ప్రధాన లక్షణాలు. మేత మేయలేక గొర్రెలు చిక్కి మరణిస్తాయి.

వైరస్‌లో ఇరవైకి పైగా రకాలుండటమే నివారణకు పెద్ద ఆటంకం. ఒక రకంపై ఏర్పడిన రోగనిరోధకశక్తి మరొక రకాన్ని పూర్తిగా అడ్డుకోలేదు. అందువలననే భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు దేశంలో సంచరిస్తున్న 1, 2, 10, 16, 23 రకాలతో నిర్జీవ టీకాను రూపొందించారు. ఇది 2015లో అందుబాటులోకి వచ్చింది. సజీవ టీకాలోని వైరస్ ఈగల ద్వారా వ్యాపించి, క్షేత్రస్థాయి వైరస్‌తో జన్యుఖండాలను మార్చుకునే ప్రమాదముంది. నిర్జీవ టీకాలో ఆ ప్రమాదం లేదు.

అయితే రోగనిరోధకశక్తి ఏర్పడటానికి కొన్ని వారాలు పడుతుంది. వ్యాధి ప్రబలిన పిమ్మట వేసే టీకా మందను కాపాడజాలదు. కావున పెంపకందారులు తొలకరికి ముందే టీకా వేయించి, దొడ్లలో నీరు నిలువకుండా చూడవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.